ప్రాణహిత ఒడ్డున ఫీజు లెక్కలు

2012 జూలై 2న మహారాష్ట్ర ప్రభుత్వం రాజీవ్ గాంధీ జీవనదాయీ ఆరోగ్య యోజనను ఎనిమిది జిల్లాల్లో మొదలుపెట్టింది. ముంబయి, షోలాపూర్, నాందేడ్ లాంటి పేర్ల సరసన గడ్చిరోలి పేరూ ఉంది. పసుపు, కేసరి రేషన్ కార్డులున్న కుటుంబాలకు ఏడాదికి లక్షన్నర దాకా ఆసుపత్రి ఖర్చు ఉచితమైంది. అప్పట్లో ప్రీమియం సర్కారు కట్టేది, బిల్లు నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ తీర్చేది. జిల్లాకు దక్షిణపు కొసన ఉన్న సిరోంచ తాలూకాకూ ఆ కార్డు వర్తించింది. చిక్కల్లా ఒకటే. సిరోంచ వాళ్లు జబ్బు ముదిరితే పోయే ఊరు వరంగల్. అది వేరే రాష్ట్రం.

పటం చూస్తే సంగతి తెలుస్తుంది. సిరోంచ పక్కనే ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. గోదావరి దాటితే కాళేశ్వరం, మహదేవపూర్. ప్రాణహిత దాటితే చెన్నూరు. జిల్లా కేంద్రమైన గడ్చిరోలికి పోవాలంటే ఆలాపల్లి అడవి మీదుగా రెండు వందల కిలోమీటర్ల దారి. అంకీస, ఆసరెల్లి లాంటి ఊళ్లలో ఇంటి మాట తెలుగు. పెళ్లి సంబంధాలు, మిర్చి బేరాలు, పత్తి బేరాలు నది అవతలితోనే. ఆఫీసు కాగితం మాత్రం మరాఠీలో వస్తుంది. డాక్టరు విషయంలోనూ ఇంతే: రోగం, భాష, బంధువులు నది దాటేవి, కార్డు దాటేది కాదు. దాటగలిగేది జేబులోని నగదే.

బీమా ఊసు లేకుండా, రోగికీ వైద్యుడికీ మధ్య మూడో మనిషి లేకుండా నడిచే వైద్యం అమెరికాలో ఈమధ్య ఒక ఉద్యమంగా సాగుతోంది. ఈ సరిహద్దులో అదేమీ కొత్త కాదు. నూటయాభై ఏళ్లుగా ఇక్కడ వైద్యం అలాగే నడిచింది. ఎవరో సిద్ధాంతం చేసి పెట్టింది కాదది. బీమాలా డబ్బు కట్టే మూడో మనిషి చాలాకాలం ఇంత దూరం రాలేదు, అంతే. ఆ ఖాళీలో ఒక్కో కాలంలో ఒక్కో రకం ఫీజు పుట్టింది.

ఒకప్పుడు సిరోంచే జిల్లా కేంద్రం. 1860 డిసెంబరులో నిజాంతో కుదిరిన ఒప్పందం ప్రకారం గోదావరి, ప్రాణహితల ఎడమ గట్టు తాలూకాలు ఆంగ్లేయుల చేతికొచ్చాయి. వాటితో అప్పర్ గోదావరి జిల్లా ఏర్పడింది. కెప్టెన్ గ్లాస్‌ఫర్డ్ డిప్యూటీ కమిషనర్‌గా ఇక్కడి నుంచే పాలించాడు. మధ్య పరగణాల పత్తిని పడవల్లో సముద్రానికి చేర్చాలని ఆర్థర్ కాటన్ కన్న కల ఈ ఏర్పాటుకు మూలం. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి దగ్గరి రాతి అడ్డంకులను తప్పించేందుకు ఆనకట్టలు కట్టడం, కాలువలు తవ్వడం మొదలైంది. అడవి జ్వరాలు, కలరా కూలీలను నిలవనివ్వలేదు. ఖర్చు పెరిగింది, 1871లో పనులు ఆగిపోయాయి. 1874లో జిల్లానే రద్దయి సిరోంచ చాందా జిల్లాలో ఒక తహశీలుగా మిగిలింది. దొరలతో పాటు సర్కారు దృష్టీ వెళ్లిపోయింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో చెర్ల, ఆల్బాక, నూగూరు తాలూకాలు కూడా మద్రాసు రాజధానిలో కలిశాయి.

అప్పటికీ ఇప్పటికీ అడవి లోపలి మాడియా గోండు పల్లెల్లో మొదటి పిలుపు ఊరి వడ్డెకో పూజారికో పోతుంది. ఆయన ముందు రోగం ఎందుకొచ్చిందో కనుక్కుంటాడు. ఏ దేవత అలిగిందో, ఏ నియమం తప్పిందో చెబుతాడు. తరవాత ఆకు, వేరు, మంత్రం. ఆయనకు ముట్టేది కోడి, ఇప్పసారా, కొబ్బరికాయ, కొంత ధాన్యం. అందులో చాలా భాగం మొక్కుబడి పేరుతో దేవతకు పోయి, చివరికి ఊరంతా కలిసి తినే విందవుతుంది. వైద్యుడు ఆ ఊరివాడే, ఆయనకూ పొలముంది, పూట గడవడం రోగి మీద ఆధారపడలేదు. ఈ పద్ధతిలో ఫీజు ఎంతన్న ప్రశ్నే రాదు. ఇంట్లో కోడి ఉంటే కోడి, లేకపోతే గుడ్డు.

పంతొమ్మిదో శతాబ్దం చివర అమెరికన్ మెథడిస్టు మిషన్ సిరోంచకు వచ్చింది. బడి పెట్టింది, ఆడవాళ్లకూ పిల్లలకూ మందులిచ్చింది. నిజాం రాజ్యంలో డిచ్‌పల్లి కుష్టు ఆసుపత్రిని 1915లో నిలబెట్టిన ఇసబెల్ కెర్ లాంటి వాళ్లది కూడా ఇదే తోవ. మిషన్ వైద్యానికి అసలు ఖర్చు సముద్రాల అవతలి చర్చి సంఘాల చందాల నుంచి వచ్చేది. ఇక్కడి రోగి ఇచ్చేది నామమాత్రం. చందా తగ్గితే మందు తగ్గుతుంది, పంపిన డాక్టరమ్మ తిరిగి వెళ్లిపోతే తలుపులు మూతపడతాయి. పరాయి ఊరి దయతో నడిచే దవాఖానా బలమేమిటో, బలహీనతేమిటో ఈ ఒడ్డు జనం అప్పుడే చూశారు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక బీమా ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చింది. ఈఎస్ఐ చట్టం 1948 నాటిది. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైంది. జీతంలోంచి కోత, దానికి యజమాని వాటా, బదులుగా దవాఖానా. నది అవతల బొగ్గు గనుల కార్మికులకు సింగరేణి కంపెనీ సొంత ఆసుపత్రులుండేవి. సిరోంచలో ఫ్యాక్టరీ లేదు, గని లేదు. వెదురు కొట్టేవాడికి, తునికాకు కోసేవాడికి జీతం చిట్టీ ఉండదు కాబట్టి కోతా లేదు, దవాఖానా లేదు. 1986లో ప్రభుత్వ బీమా సంస్థలు మెడిక్లెయిమ్ పాలసీ తెచ్చినప్పుడు దాని ఏజెంటు ఆలాపల్లి దాటి దక్షిణానికి రావాల్సిన పనే పడలేదు.

ఆ ఖాళీని నింపినవాడు పట్టా లేని పల్లె వైద్యుడు, ఆర్ఎంపీ. తెలుగు నేల మీద ఈ వృత్తికి పెద్ద చరిత్రే ఉంది. పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నడిపిన నెల్లూరు ప్రజావైద్యశాలలో శిక్షణ పొందిన కుర్రాళ్లు పల్లెలకు పోయి చిన్న రోగాలకు వైద్యం చేశారు. మిగతా చోట్ల పట్నంలో ఏ డాక్టరు దగ్గరో కాంపౌండరుగా నాలుగేళ్లు పనిచేసి, సూది వేయడం నేర్చుకుని ఊరికి తిరిగొచ్చినవారే ఎక్కువ. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు చామోర్షీ, ముల్‌చేరా వైపు పునరావాసం దొరికాక గడ్చిరోలి అడవుల్లో ‘బెంగాలీ డాక్టర్’ అనే రకం కూడా తయారైంది. మహారాష్ట్ర మెడికల్ ప్రాక్టీషనర్ల చట్టం 1961 ప్రకారం రిజిస్టర్ కానివాళ్లు వైద్యం చేయడం నేరం. కానీ రాత్రి పదిగంటలకు చలిజ్వరంతో వణికేవాడికి తలుపు తీసేది వాళ్లే.

ఆర్ఎంపీ గదిలోకి తొంగి చూస్తే ఆయన బతుకుతెరువు లెక్క కనిపిస్తుంది. ఒక బల్ల, ఒక నులక మంచం, మేకుకు వేలాడే సెలైన్ సీసా, జ్వరం గోలీల డబ్బాలు. బల్ల సొరుగులో పొడవాటి పద్దు పుస్తకం. చూసినందుకు విడిగా ఫీజంటూ ఉండదు. మందు ధరలోనే ఆయన కష్టం కలిసిపోయి ఉంటుంది. పైసలు లేనప్పుడు ఉద్దెర. ‘సారూ, ఆకు పైసలు రాంగనే ఇస్త’ అన్న మాటే హామీ. తునికాకు కోత ఎండాకాలంలో. కట్టలు కల్లానికి చేర్చాక గుత్తేదారు డబ్బిచ్చినప్పుడు పుస్తకంలో కొన్ని పేర్లు కొట్టేస్తారు. వానాకాలం మలేరియా వచ్చేది ఆ డబ్బయిపోయాక. వరికోతల దాకా మళ్లీ పద్దే. అంటే రోగం వచ్చే కాలం వేరు, డబ్బు చేతిలో ఆడే కాలం వేరు. బీమా కంపెనీ ప్రీమియం, క్లెయిమ్ అంటూ సర్దే ఈ ఎడాన్ని ఇక్కడ ఆర్ఎంపీ తన సొంత పెట్టుబడితో సర్దుతాడు. మొండి బాకీల భారం మిగతావాళ్ల గోలీల ధర మీద పడుతుంది.

ఈ పద్ధతికి రెండు జబ్బులున్నాయి. రాబడి మందు మీదే కాబట్టి అవసరం లేని సూది, అక్కర్లేని సెలైన్ ఎక్కుతుంది. రోగి కూడా సూది వేయని డాక్టర్ని డాక్టరుగా లెక్కపెట్టడు. రెండోది ఇంకా లోతైనది. కడుపునొప్పి తగ్గకపోతే ఆర్ఎంపీ ‘వరంగల్ పోదాం’ అంటాడు, తోడు కూడా వస్తాడు. తెలుగు పల్లెల్లో అందరికీ తెలిసిన రహస్యమిది: రోగిని తెచ్చినందుకు కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు ఆయనకు కమీషను ముట్టజెబుతాయి. మూడో మనిషి లేడనుకున్న చోట ఆ రూపంలో దూరిపోయాడు. బీమా కంపెనీ బిల్లు తగ్గించమని పోరుతుంది, కమీషను బిల్లును పెంచుతుంది.

వరంగల్ ఈ ప్రాంతానికి వైద్య రాజధాని కావడం వెనక 1959లో వచ్చిన కాకతీయ మెడికల్ కాలేజీ ఉంది. దాని పెద్దాసుపత్రి ఎంజీఎంలో నేర్చుకున్న డాక్టర్లు పట్నమంతా క్లినిక్కులు తెరిచారు. రోగుల ఫీజు మీదే బతికే ఆ స్వతంత్ర ప్రాక్టీసుకు ఇంకో ముఖం పిల్లల డాక్టర్ రామనాథం. ఆయన పౌరహక్కుల సంఘం నాయకుడయ్యాడు. 1985 సెప్టెంబర్ 3న తన క్లినిక్‌లోనే హత్యకు గురయ్యాడు. సొంత ప్రాక్టీసు డాక్టరుకు నోరిస్తుంది. ఆ నోటికి కాపలా మాత్రం ఇవ్వదు.

సిరోంచకు ఉత్తరాన, భామ్రాగఢ్ దగ్గర, అసలు ఫీజే లేని ప్రయోగం 1973 డిసెంబర్ 23న మొదలైంది. వరోరా దగ్గర ఆనందవన్‌లో కుష్టు రోగులతో ఊరు కట్టిన బాబా ఆమ్టే, హేమల్‌కసలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ స్థాపించాడు. నాగపూర్‌లో సర్జరీ పీజీ చదువును మధ్యలో వదిలేసి ఆయన కొడుకు ప్రకాశ్, మత్తుమందు వైద్యురాలైన కోడలు మందాకిని ఆ అడవిలో కాపురం పెట్టారు. కరెంటు లేదు, వానాకాలంలో బయటి ప్రపంచానికి దారి లేదు. మాడియాలు దగ్గరికే రాలేదు. ప్రకాశ్ మాడియా భాష నేర్చుకున్నాడు. ఒంటి మీద బట్ట సరిగా లేని జనం మధ్య తిరుగుతూ చొక్కా, ప్యాంటు మానేసి నిక్కరు, బనియనుకు దిగాడు. మరణం అంచున ఉన్న ఒకరిద్దరు రోగులు లేచి తిరిగాక ఆ కబురు పల్లె నుంచి పల్లెకు పాకింది. తరవాత సరిహద్దు దాటి బస్తర్ నుంచీ, తెలుగు వైపు నుంచీ రోగులు నడిచొచ్చారు.

మరి ఖర్చెవరిది? తొలి రోజుల్లో ఆసుపత్రి కట్టడానికి స్విట్జర్లాండ్ సంస్థ స్విస్‌ఎయిడ్ సాయం చేసింది. ఆపైన మరాఠీ మధ్యతరగతి చందాలు, పుణె, ముంబయి నుంచి శిబిరాలకు వచ్చి ఉచితంగా ఆపరేషన్లు చేసే డాక్టర్లు. 2008లో ఈ దంపతులకు మెగసెసే అవార్డు వచ్చింది, 2014లో నానా పాటేకర్ ప్రకాశ్‌గా నటించిన సినిమా వచ్చింది. చందాలకు రెండూ ఊపునిచ్చాయి. ఇప్పుడు కొడుకు దిగంత్, కోడలు అనఘ డాక్టర్లుగా కొనసాగిస్తున్నారు. మిషన్ వాళ్ల తరవాత వచ్చిన ఈ పద్ధతీ దాతల మీదే నిలబడింది. తేడా ఏమిటంటే ఇక్కడ డాక్టరు బదిలీ కాలేదు. ఒకే కుటుంబం యాభై ఏళ్లు కదలకుండా ఉండటమే దీనికి అసలు పెట్టుబడి, దాన్ని ఏ పథకమూ నకలు చేయలేకపోయింది.

గడ్చిరోలి పట్నం వైపు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు వేరే దారి పట్టారు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో ప్రజారోగ్యం చదివి వచ్చి 1980ల నడుమ ‘సెర్చ్’ సంస్థ పెట్టారు. 1989లో రాణీ బంగ్ లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చేసిన అధ్యయనం, రెండు పల్లెల్లో పరీక్షించిన 650 మంది ఆడవాళ్లలో 92 శాతానికి గర్భకోశ సంబంధ వ్యాధులున్నాయని చూపించింది. అంతకుముందు వాళ్లలో చాలా కొద్దిమందే డాక్టరు గడప తొక్కారు. దవాఖానా ఎలా ఉండాలో గోండులనే అడిగితే వచ్చిన జవాబులు బంగ్ దంపతులు పలుచోట్ల చెప్పుకున్నారు. మా శవాలకు చుట్టేది తెల్లగుడ్డ, మీ నర్సులు కట్టేదీ తెల్లగుడ్డే. పైగా మీ ఆసుపత్రిలో దేవుడేడీ? దాంతో శోధగ్రామ్‌లో గుడిసెల వాడలా ఉండే ఆసుపత్రి వెలిసింది. పేరు మా దంతేశ్వరి దవాఖానా.

సెర్చ్ అసలు విజయం ఆసుపత్రి గోడల బయట ఉంది. 39 పల్లెల్లో నాలుగక్షరాలు తెలిసిన ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చి ఆరోగ్యదూతలుగా తయారుచేశారు. పుట్టిన బిడ్డను ఇంటికే వెళ్లి తూచడం, ఒళ్లు చల్లబడకుండా చుట్టడం, ఊపిరి లెక్కపెట్టడం, అవసరమైతే జెంటామైసిన్ సూది వేయడం వాళ్ల పని. 1999 నాటి లాన్సెట్ వ్యాసం ప్రకారం పురిటి పిల్లల మరణాలు 62 శాతం తగ్గాయి. ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు 5.3 డాలర్లు. డాక్టరు ఫీజు ఎవరు కడతారన్న ప్రశ్నను వీళ్లు పక్కకు జరిపి, ఆ పని చేయడానికి డాక్టరే కావాలా అని అడిగారు. దేశంలో ఆశా కార్యకర్తల ఇంటింటి నవజాత సంరక్షణకు ఇదే నమూనా అయింది.

వీటికి మధ్యలో ఫీజు తీసుకుంటూనే అతి తక్కువతో బతికిన డాక్టర్లున్నారు. విదర్భలోనే మేల్‌ఘాట్ అడవిలో, బైరాగఢ్‌లో, రవీంద్ర కోల్హే మొదటిసారి చూస్తే రెండు రూపాయలు, మళ్లీ వస్తే రూపాయి తీసుకునేవాడు. నెలకు 400 మంది, తలా రూపాయి, 400 రూపాయలతో సంసారం అని పెళ్లికి ముందే షరతు పెట్టాడు. హోమియో డాక్టరైన స్మిత ఒప్పుకుని వచ్చింది. 2019లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. కడపలో నూరీ పర్వీన్ 2020లో పది రూపాయల ఓపీతో క్లినిక్ తెరిచింది. ఇలాంటి లెక్క కుదరాలంటే అద్దె, సిబ్బంది, యంత్రాలు అన్నీ చిన్నవిగా ఉండాలి. డాక్టరు ఇంటి ఖర్చు అన్నిటికన్నా చిన్నదిగా ఉండాలి.

అమెరికాలో ఇదే లెక్కను తిరగేసి చూశారు. అక్కడ డాక్టరు దగ్గర బీమా బిల్లులు రాసే గుమాస్తాల జీతమే పెద్ద భారం. 2007లో సియాటెల్‌లో మొదలైన క్లియాన్స్ అనే సంస్థ బీమాను పక్కనపెట్టి, నెలకింత చందా కడితే ఎన్నిసార్లయినా చూస్తామంది. పదేళ్లకు మూతపడింది, ఆ పద్ధతిలో నడిచే చిన్న క్లినిక్కులు మాత్రం దేశమంతా పెరిగాయి. ఓక్లహోమాలో ఒక సర్జరీ కేంద్రం ఏ ఆపరేషన్‌కు ఎంతో అందరికీ కనిపించేలా ధరల పట్టిక పెట్టి వార్తల్లోకెక్కింది. వరంగల్ గల్లీ క్లినిక్ గోడ మీద ఓపీ ధర రాసి ఉండటం చూస్తూ పెరిగి, ఇప్పుడు ఆ దేశంలో ప్రాక్టీసు చేస్తున్న తెలుగు డాక్టర్లకు ఆ వార్త కాస్త విడ్డూరంగా తోచి ఉండాలి. చందా డాక్టరు కూడా గుండె ఆపరేషన్ చేయలేడు. అక్కడివాళ్లు దానికోసం పెద్ద ఖర్చులకు పనికొచ్చే బీమా వేరుగా పెట్టుకుంటారు.

సిరోంచ సమస్యా సరిగ్గా అక్కడే తెగుతుంది. జ్వరం, విరేచనాలు, తేలు కాటు, కాన్పు దాకా ఉద్దెర పద్దుతో నడిచిపోతుంది. గుండె, మూత్రపిండం, క్యాన్సర్, రోడ్డు ప్రమాదం వస్తే పద్దు పుస్తకం చాలదు. పొలం తాకట్టు, ఎడ్ల అమ్మకం, వడ్డీకి అప్పు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై అంతటా పరచుకున్న ఆరోగ్యశ్రీ నది అవతలి బంధువుల ఇంట్లో ఈ భయాన్ని చాలావరకు తగ్గించింది. ఒకే తెలుగు మాట్లాడే ఇద్దరు తోడల్లుళ్లు ఒకే వరంగల్ ఆసుపత్రిలో చేరితే, మహదేవపూర్ ఆయనకు తెల్లకార్డు మీద ఆపరేషన్ అయ్యేది. సిరోంచ ఆయన కౌంటరు దగ్గర అడ్వాన్సు కట్టాల్సి వచ్చేది. 2012లో ఆయనకూ కార్డు వచ్చింది, కానీ దాన్ని ఒప్పుకునే ఆసుపత్రులు చంద్రపూర్, నాగపూర్ వైపు.

2017లో ఆ పథకం పేరు మహాత్మా జ్యోతిరావ్ ఫూలే జన ఆరోగ్య యోజనగా మారింది. 2018 సెప్టెంబర్ 23న మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో ఒక రాష్ట్రం కార్డు మరో రాష్ట్రంలోనూ చెల్లేలా నియమం రాశారు. తెలంగాణ అందులో చేరడానికి 2021 దాకా పట్టింది. ఈలోపు రెండు నదుల మీదా వంతెనలొచ్చాయి. అంతకుముందు గోదావరి నిండుగా ఉంటే రోగిని నాటు పడవలో దాటించాలి. వరద ఎక్కువైతే నీళ్లు తగ్గేదాకా ఆగాలి. ఇప్పుడు జీపు నేరుగా వరంగల్‌లో ఆగుతుంది. గోదావరి మీద 2019లో పూర్తయిన మేడిగడ్డ బ్యారేజీ నీళ్లు సిరోంచ పొలాలను ముంచాయన్న గొడవ, నష్టపరిహారం పోరాటం వేరే కథ. అయితే పంట పోయిన ఏడాది పద్దు పుస్తకంలో బాకీలు తీరవు.

దేశం మొత్తం మీద వైద్యానికి జనం సొంత జేబులోంచి పెట్టే వాటా జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో 64.2 శాతం, 2021-22లో 39.4 శాతం. సిరోంచ తాలూకాలో మాత్రం ఆ తరవాత జేబు ఖర్చును తగ్గించేది కార్డులకన్నా నది అవతల కాలేజీలే కావచ్చు. 2022 నవంబరులో మంచిర్యాలలో, 2023 సెప్టెంబరులో జయశంకర్ భూపాలపల్లిలో తెలంగాణ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. భూపాలపల్లి సిరోంచకు వంద కిలోమీటర్ల లోపే. సర్కారు దవాఖానా ఓపీ చీటీకి ఏ రాష్ట్రం రేషన్ కార్డూ చూపక్కర్లేదు, చెప్పుకునే బాధకు తర్జుమా అక్కర్లేదు. ఆర్ఎంపీ పద్దు పుస్తకం ఇంకా నడుస్తూనే ఉంది. వరంగల్ ప్రైవేటు ఆసుపత్రి అడ్వాన్సుకు మాత్రం ఇప్పుడు ఈ ఒడ్డు జనం చేతిలో ఇంకో దారి ఉంది.